ఇంజన్ పని చేసే మేస్త్రీలకీ, బోరింగ్ షాపుల అన్నలకీ: విప్పే ముందు ఒక్క అరగంట వినండి

మేస్త్రీ గారూ, అన్నలూ, అందరికీ నమస్తే.

ముందే చెప్పేస్తున్నా, ఇది ఎవరి మీదా కంప్లైంట్ కాదు. షాపు పేరు రాయను, అది ఏ ఊళ్ళో ఉందో కూడా రాయను, ఎందుకంటే ఆ షాపాయన పని చెడ్డగా చేయలేదు, ఆ మాట చివరికి మీకే అర్థమవుద్ది. కానీ ఇంజన్ పని చేయించాక శబ్దం వస్తే మనోళ్ళందరం ఎలా బిహేవ్ చేస్తున్నామో, మీరూ మేమూ కూడా, అది మాత్రం చెప్పకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు.

మాది పాడేరు పక్క. బండి మా నాన్న సంతలకి సర్వీసు తోలిన మహీంద్రా కమాండర్, ఏజెన్సీలో తిరిగినోళ్ళకి ఆ జీపులంటే ఏంటో చెప్పక్కర్లేదు, లోపల ఎంతమందో వెనక వేలాడేది అంతమంది, టాప్ మీద పసుపు బస్తాలు, కోళ్ళు. ఇప్పుడు సర్వీసు లేదు, నేనే ఉంచుకున్నా, ఫోర్ వీల్ చేయించి ఆదివారాలు ఫ్రెండ్స్ తో గెడ్డలు దాటడానికి, కొండలు ఎక్కడానికి. ఇంజన్ డీఐ డీజిల్, 2523 సీసీ. బోరు (సిలిండర్ వెడల్పు) 88.9 ఎంఎం, స్ట్రోకు (పిస్టన్ పైకీ కిందకీ తిరిగే దూరం) 101.6 అని బుక్కులో చూసి ఈ పాయింట్ల లెక్కేంట్రా అనుకునేవాణ్ణి, తర్వాత తెలిసింది అది మూడున్నర ఇంచీలు, నాలుగు ఇంచీలు అని. ట్రాక్టర్ల కాలం నాటి పాత ఇంటర్నేషనల్ డిజైన్ లోంచి వచ్చిన ఇంజన్ కదా, ఇంచీల్లోనే పుట్టింది. అందుకే బేరింగులు ఇప్పటికీ 10 సైజు, 20 సైజు అంటాం, అంటే ఇంచిలో వెయ్యో వంతులు పది, ఇరవై అన్నమాట.

పోయిన చలికాలం ఇంజన్ బోరుకొచ్చేసింది, అంటే సిలిండర్లు అరిగిపోయాయి. ఘాట్ ఎక్కుతుంటే వెనకాల నీలం పొగ, డిప్ స్టిక్ తీస్తే అక్కడ కూడా పొగ. ఫుల్ ఇంజన్ పని అన్నారు, సరే అన్నాను. క్రాంక్ (పిస్టన్లు తిప్పే కింది షాఫ్టు) గ్రైండింగు, కొత్త పిస్టన్లు రింగులు, క్రాంక్ ని బ్లాకులో మోసే మెయిన్ బేరింగులు, పిస్టన్ రాడ్ క్రాంక్ ని పట్టుకునే చోటి బిగ్ ఎండ్ బేరింగులు, హెడ్ ఫేసింగు, వాల్వులు, ఏదీ వదల్లేదు. మొత్తం 70,000 దాటింది. నేను ఒక్కటే అడిగాను, తీసిన పాత సామాను అంతా గోనె సంచిలో వేసి ఇచ్చేయమని. "తుక్కుతో ఏం చేస్తావు బాబూ" అని నవ్వారు గానీ ఇచ్చారు. ఈ సంచి సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తది.

స్టార్ట్ చేసిన రోజు కొబ్బరికాయ కొట్టాం. స్మూత్ గా స్టార్టయింది, పొగ లేదు, ఒక రెండు నిమిషాలు అందరం నవ్వుకుంటూ నిలబడ్డాం. కొంచెం రేస్ ఇచ్చేసరికి కింద నుంచి టక్ టక్ టక్ టక్ అని, గట్టిగా కాదు, రేకు మీద గోరుతో కొడుతున్నట్టు. రేస్ పెంచితే స్పీడ్ పెరుగుద్ది, తగ్గిస్తే తగ్గుద్ది. మేస్త్రీ గారు చెవి వంచి విన్నారు. "ఏటవ్వదు బాబూ, కొత్త ఇంజను, నాలుగు రోజులు తిప్పు, సెట్టైపోద్ది."

అన్నా, ఈ "సెట్టైపోద్ది" అన్న మాట గురించే ఈ లేఖ సగం. కొత్త రింగులు బోరులో కూర్చోడానికి కొన్ని వందల కిలోమీటర్లు పడతాయి, ఒప్పుకుంటా, అందుకే మొదట్లో లోడ్ వేయొద్దంటారు, ఆయిల్ తొందరగా మార్చమంటారు. కానీ రింగులు కూర్చునేటప్పుడు టక్ టక్ మని చప్పుడు చేయవు కదా. ఇనుము ఇనుముని కొడుతుంటే అది తిరిగే కొద్దీ సెట్టవ్వదు, అరుగుద్ది. ఒకవేళ నిజంగా అది బిగ్ ఎండే అయ్యుంటే ఆ నాలుగు రోజుల్లో క్రాంక్ పోయేది, రాడ్ బ్లాకులోంచి బయటకొచ్చేది, మళ్ళీ 70,000.

నాలుగు రోజులు కాదు పది రోజులు తిప్పాను, తగ్గలేదు. ఫోన్ లో రికార్డ్ చేసి తెలిసిన ప్రతి మెకానిక్ కీ పంపాను. ఒకాయన బిగ్ ఎండ్ అన్నాడు, ఒకాయన పిస్టన్ స్లాప్ (పిస్టన్ బోరు గోడకి కొట్టుకోవడం) అన్నాడు, ఇంకొకాయన వాల్వులు తోసే టాపెట్ అన్నాడు, ఒకాయనైతే వినకుండానే డీజిల్ పంపు టైమింగ్ అన్నాడు. (ఫోన్ లో పంపిన శబ్దం నమ్మకండి, మీరూ పంపమనకండి. ఫోన్ మైకు లోతు శబ్దాలన్నీ కోసేస్తది, బిగ్ ఎండ్ కి టాపెట్ కి తేడా తెలిసేది ఆ లోతులోనే.) ఒకచోట 15డబ్ల్యూ-40 ఆయిల్ తీసేసి ఇంకా చిక్కటి 20డబ్ల్యూ-50 పోస్తే చప్పుడు పోద్ది అని సలహా. పోద్ది నిజమే, కొంచెం తగ్గుద్ది, జ్వరమొచ్చినోడికి దుప్పటి కప్పినట్టు. ఆఖరికి పని చేసిన మేస్త్రీ గారే "సరే తీసుకురా, ఇంజన్ దింపి మొత్తం విప్పి చూద్దాం" అన్నారు. మళ్ళీ గ్యాస్కెట్ సెట్టు, మళ్ళీ ఆయిలు, మళ్ళీ లేబర్. నేను ఒప్పుకుని అడ్వాన్సు కూడా ఇచ్చేశాను.

బండి తీసుకెళ్ళే ముందు రోజు సాయంత్రం మా వీధిలో ఉండే బాబాయ్ వచ్చాడు. సొంత బాబాయ్ కాదు, ఆర్టీసీ డిపోలో మెకానిక్ గా చేసి రిటైరయ్యాడు, అందరికీ బాబాయే. "ఏట్రా, కొత్త ఇంజనన్నావు, అప్పుడే దింపేస్తావా" అన్నాడు. చెప్పాను. "స్టార్ట్ చెయ్, ఏదీ విప్పొద్దు" అన్నాడు.

ఆ అరగంట ఎలా గడిచిందో ఉన్నదున్నట్టు రాస్తాను, ఎందుకంటే మీలో చాలామందికి ఇవన్నీ తెలుసు, ఐటీఐలో డీజిల్ మెకానిక్ ట్రేడ్ చదివినోళ్ళకైతే పుస్తకంలోనే ఉంటాయి, తెలిసీ చేయట్లేదు, టైం లేదని.

మొదట ఇంజన్ ఆపించి ఫ్యాన్ బెల్ట్ తీసేశాడు. మళ్ళీ స్టార్ట్ చేసి ఒక్క నిమిషం విన్నాడు, అంతకంటే ఎక్కువ తిప్పనివ్వలేదు, నీళ్ళ పంపు తిరగదు కదా. శబ్దం అలాగే ఉంది. అంటే ఆల్టర్నేటర్ కాదు, నీళ్ళ పంపు బేరింగ్ కాదు. ఆఫ్ చేసి క్రాంక్ పుల్లీ పట్టుకుని ఊపి చూశాడు, పుల్లీ బోల్టు లూజై కీ అరిగితే అచ్చం బిగ్ ఎండ్ లాగే కొట్టుద్దంట, చాలా ఇంజన్లు దీనికోసం అనవసరంగా విప్పేశారంట. నాది టైట్ గానే ఉంది. బెల్ట్ మళ్ళీ వేసి, క్లచ్ తొక్కమన్నాడు, వదలమన్నాడు, తొక్కమన్నాడు. తేడా లేదు. ఫ్లైవీల్ బోల్టులు, క్లచ్ బేరింగు, క్రాంక్ ఎండ్ ప్లే (క్రాంక్ ముందుకీ వెనక్కీ కదిలే సందు), ఇవేవైనా అయితే క్లచ్ తొక్కినప్పుడు శబ్దం మారాలి.

తర్వాత చేతికి గ్లౌజులు వేసుకుని, కళ్ళజోడు పెట్టుకుని, ఒక్కో ఇంజెక్టర్ పైపు నట్టు వరసగా కొంచెం లూజ్ చేశాడు. నట్టు లూజ్ చేసిన సిలిండర్ లో డీజిల్ పడదు, మంట ఉండదు, పిస్టన్ ని కిందకి తోసే బలం ఉండదు. ఆ సిలిండర్ బిగ్ ఎండ్ లోనో గజన్ పిన్ (పిస్టన్ ని రాడ్ కి కలిపే పిన్) లోనో ప్లే ఉంటే ఆ క్షణంలోనే శబ్దం తగ్గాలి, కనీసం మారాలి. నాజిల్ కారుతూ వచ్చే డీజిల్ నాక్ అయితే పూర్తిగా ఆగిపోవాలి. నాలుగూ చేశాడు, ఇంజన్ మిస్సయింది, ఊగింది, కానీ ఆ టక్ టక్ మాత్రం అస్సలు పట్టించుకోలేదు.

(ఇక్కడ ఒక్క మాట, ఈ నట్టు లూజ్ చేసే పని పాత మెకానికల్ పంపు ఉన్న ఇంజన్ల మీదే. కామన్ రైల్ బండి మీద చచ్చినా చేయకండి. అందులో ప్రెషర్ వెయ్యి బార్ దాటి కూడా పోద్ది, సన్నని చుక్క చర్మం కోసుకుని లోపలికెళ్ళిపోద్ది, వేలు తీసేయాల్సి వస్తది. పాత ఇంజన్ మీదైనా ఒట్టి చేత్తో వద్దు.)

ఇక కర్ర తీశాడు. మామూలు చీపురు కర్ర ముక్క, ఒక కొస బ్లాకు మీద, ఒక కొస చెవి దగ్గర ఎముకకి ఆనించి. పెద్ద స్క్రూడ్రైవర్ తో మీరందరూ చేసేదే, కాకపోతే ఈయన కర్రే మేలంటాడు. ముందు వాల్వ్ కవర్ మీద పెట్టి నన్ను విననిచ్చాడు. "ఇది టాపెట్ల చప్పుడు. క్యామ్ షాఫ్టు క్రాంక్ కంటే సగం స్పీడే, కాబట్టి ఒక టాపెట్ ఒకసారి కొట్టేలోగా క్రాంక్ రెండు తిరుగుద్ది. ఇప్పుడు నీ చప్పుడు ఎలా ఉందో చూడు." నా ఫోన్ లో రికార్డింగ్ స్లో చేసి లెక్కపెట్టాం. ఐడ్లింగ్ 750 అనుకుంటే క్రాంక్ సెకనుకి పన్నెండున్నర సార్లు తిరుగుద్ది, చెవితో లెక్కపెట్టలేం, స్లో చేస్తేనే తెలుస్తది. మా టక్ టక్ పన్నెండు చిల్లర. అంటే క్రాంక్ స్పీడే, టాపెట్ అన్నాయన మాట అక్కడికి కొట్టేసినట్టే. పిస్టన్ స్లాప్ అన్నాయన మాట కూడా నిలబడలేదు, స్లాప్ అయితే చల్లగా ఉన్నప్పుడు గట్టిగా ఉండి, పిస్టన్ వేడెక్కి వ్యాకోచించాక తగ్గాలి, నాది పొద్దున స్టార్టింగ్ లో ఎంతో ఘాట్ ఎక్కి దిగాకా అంతే.

ఆయిల్ ప్రెషర్ స్విచ్ తీసి దాని ప్లేసులో తన పాత గేజ్ బిగించాడు. డాష్ బోర్డు మీద బల్బు నమ్మొద్దన్నాడు, అది ప్రెషర్ దాదాపు మొత్తం పడిపోయాకే వెలుగుద్ది. బాగా వేడెక్కాక రేస్ లో ముల్లు 45 పీఎస్ఐ దగ్గర గట్టిగా నిలబడింది. మెయిన్ బేరింగులు లూజైన ఇంజన్ లో వేడి మీద అంత నిలబడదు.

ఆఖరికి కర్ర కింద చాంబర్ మీద, అంటే ఇంజన్ అడుగున ఆయిల్ ఉండే తొట్టి మీద పెట్టాడు. ఒక చోట పెట్టాడు, రెండో చోట పెట్టాడు, మూడో సిలిండర్ కింద ఎడమ పక్క పెట్టి కళ్ళు మూసుకున్నాడు. నాకు ఇచ్చాడు. చెవిలో మేకు కొట్టినట్టే ఉంది.

"క్రాంక్ తో పాటు తిరుగుతోంది, లోడ్ తో పని లేదు, వేడితో పని లేదు, ప్రెషర్ దివ్యంగా ఉంది. ఇది బేరింగ్ కాదురా. లోపల ఏదో దేనికో తగులుతోంది. చాంబర్ కి ఎప్పుడైనా రాయి కొట్టిందా?"

కొట్టింది. బోరింగ్ కి ఇచ్చే ముందు వారమే, గెడ్డ దాటుతుంటే నీళ్ళలో కనపడని రాయి మీద దబ్బున కూర్చుంది. చాంబర్ కి సొట్ట పడింది, లీక్ లేదు కదా అని వదిలేశాను, మేస్త్రీకి చెప్పనే లేదు.

మర్నాడు ఇంజన్ దింపలేదు. బండి స్టాండ్ల మీద లేపి ముందు యాక్సిల్ హౌసింగ్ కిందకి వేలాడదీసి చాంబర్ ఒక్కటే దింపాం. బిగ్ ఎండ్ బేరింగులు రెండు విప్పి చూశాడు బాబాయ్, గీత కూడా లేదు. ఆ సొట్ట లోపలి పక్క తిప్పి ఎండలో పెట్టాడు. మిగతా చాంబరంతా నల్లగా ఉంటే అక్కడ మాత్రం అర్ధరూపాయి బిళ్ళంత మేర అద్దంలా మెరుస్తోంది. మూడో రాడ్ క్యాప్ బోల్టు తల మీద కూడా అదే మెరుపు. ప్రతి రౌండుకీ ఆ బోల్టు వచ్చి సొట్టని ముద్దు పెట్టుకుని పోతోందన్నమాట.

మరి ఇంజన్ పనికి ముందు ఆ వారం రోజులూ ఎందుకు రాలేదు చప్పుడు? నేనూ అదే అడిగాను. బాబాయ్ గోనె సంచి గుమ్మరించమన్నాడు. తుక్కులో నుంచి పాత చాంబర్ ప్యాకింగ్ (గ్యాస్కెట్) తీశాడు, లావు కార్క్ ప్యాకింగు, ఏళ్ళ తరబడి నలిగాక కూడా వెర్నియర్ పెడితే 3 ఎంఎం ఉంది. కొత్తగా కట్టినప్పుడు ఆ సైజు కార్క్ దొరకలేదేమో, ఒట్టి సిలికాన్ రాసి బిగించేశారు. లీక్ రాదు, పని నీటుగానే ఉంది. కానీ చాంబర్ దాదాపు 3 ఎంఎం పైకెక్కి కూర్చుంది, సొట్ట దాకా ఉన్న సందు ఆ 3 ఎంఎమ్మే.

లోపల్నుంచి చెక్క సుత్తితో సొట్ట సాపు చేసి, కడిగి, కార్క్ ప్యాకింగ్ వేసి, ఆయిల్ పోసి స్టార్ట్ చేశాం. చప్పుడు లేదు. ఒట్టి డీఐ ఇంజన్ దడదడే, అది పుట్టుకతో వచ్చింది కాబట్టి పోదు.

ఇప్పుడు అన్నలూ, తప్పెవరిది? సొట్ట సంగతి చెప్పని నాది ముందు. ఓనర్లం మేం చాలా పాపాలు చేస్తాం, ఒప్పుకుంటున్నా. రేపటికి బండి కావాలంటాం, సగం రేటుకి చెయ్యమంటాం, బేరింగులు ఎక్కడైనా చవగ్గా తెచ్చి వేసేయండి అంటాం, మళ్ళీ శబ్దం వస్తే మీ మీద అరుస్తాం. మీకు రోజుకి నాలుగు బండ్లు, షెడ్డులో ఇద్దరు కుర్రోళ్ళు. అరగంట నిలబడి వినడానికి మేం డబ్బులివ్వం, విప్పితేనే ఇస్తాం. అందుకే మీకు కూడా విప్పడమే అలవాటైపోయింది. ఇక మీదట నేనైతే ఆ వినే అరగంటకి విడిగా డబ్బులిస్తాను, తక్కిన ఓనర్లు కూడా ఇవ్వాలి.

నేను మిమ్మల్ని అడిగేది ఒక చీటీ. పని అయిపోయాక బిల్లుతో పాటు ఒక తెల్ల కాయితం మీద, క్రాంక్ ఏ సైజుకి గ్రైండ్ చేశారు, ఒక్కో జర్నల్ (బేరింగ్ లో తిరిగే క్రాంక్ భాగం) మైక్రోమీటర్ లో ఎంతొచ్చింది, పిస్టన్ కి బోరుకి ఎంత సందు ఇచ్చారు, హెడ్ ఎంత ఫేసింగ్ చేశారు, టాపెట్లు ఎంతకి పెట్టారు, ఏ ప్యాకింగ్ బదులు ఏది వేశారు. అంతే. ఇంగ్లీషులోనే రాయక్కర్లేదు. హెడ్డూ బ్లాకూ ఫేసింగ్ చేసినప్పుడు ఆ కోసిన మందం రాసి ఉంటే, రేపు పిస్టన్ వెళ్ళి వాల్వ్ కి తగిలే చప్పుడొచ్చినా ఎక్కడ వెతకాలో తెలుస్తది. బేరింగ్ సందు విషయంలో కూడా, జర్నల్ ఒక్కో ఇంచి మందానికి దాదాపు ఒక థౌ (ఇంచిలో వెయ్యో వంతు) అన్నది పాతోళ్ళ మోటు లెక్క, అసలు నంబరు మాన్యువల్ ది. ఒక థౌ అంటే వెంట్రుక కంటే సన్నం, బొటనవేలితో ఊపి "బాగానే ఉంది" అంటే తెలిసేది కాదు. ప్లాస్టీగేజ్ అని సన్న ప్లాస్టిక్ దారం దొరుకుద్ది, జర్నల్ మీద పెట్టి క్యాప్ టార్క్ రెంచ్ తో బిగించి, క్రాంక్ తిప్పకుండా విప్పి, అది ఎంత వెడల్పు నలిగిందో చూస్తే సందు చెప్పేస్తది.

నాది అదృష్టం బాగుండి చాంబర్ సొట్టతో పోయింది. మా ఫ్రెండ్ ఒకడికి నిజంగానే బిగ్ ఎండ్ పోయింది, కొత్త ఇంజన్, వెయ్యి కిలోమీటర్లు కూడా తిరగలేదు. విప్పితే బేరింగ్ నిండా సన్న గీతలు. క్రాంక్ గ్రైండింగ్ చేశాక ఆయిల్ హోల్స్ లో ఉండిపోయిన రాతి పొడి బ్రష్ పెట్టి కడగలేదు, గాలి కొట్టి వదిలేశారు. మొదటి స్టార్టింగ్ కి ముందు ఇంజన్ ఆపే స్టాప్ నాబ్ లాగి పట్టుకుని, ప్రెషర్ లైటు ఆరేదాకా ఒట్టి సెల్ఫ్ మీద తిప్పి ఆయిల్ ఎక్కించడం కూడా చేయలేదు. వాడికి మొదటి ఆయిల్ మార్పిడిలోనే ఫిల్టర్ కోసి చూసుంటే తెలిసేది, మడతల్లో రాగి రంగు మెరుపులు ఉండేవి, అయస్కాంతానికి అంటవు అవి, బేరింగ్ లోవి కాబట్టి. వాడికీ అందరూ చెప్పింది ఒకటే, సెట్టైపోద్ది అని. అందుకే అంటున్నా, అరగంట వినడం ఓనర్ డబ్బులు మిగల్చడానికే కాదు, నిజంగా విప్పాల్సిన ఇంజన్ ని ఆ రోజే ఆపడానికి కూడా.

పని చేసిన మేస్త్రీ గారి దగ్గరకి వెళ్ళి ఆ చాంబర్ ఫోటో చూపించాను. కాసేపు చూసి "అరె" అన్నారు, అడ్వాన్సు తిరిగిచ్చేశారు, టీ తాగించారు. షెడ్డులో కుర్రోళ్ళని పిలిచి ఫోటో వాళ్ళకీ చూపించారు. ఆయన మీద నాకు కోపం లేదు, ఆ ఇంజన్ ఈరోజు ఘాట్ లో లాగుతున్న లాగుడు ఆయన చేతి పనే.

ఇంకో సంగతి, గేర్ బాక్సుకి కూడా పని పడింది, దిగుడులో రెండో గేరు జారిపోతోంది. చీటీ రాసిస్తాను, పాత సామాను సంచిలో వేసిస్తాను అన్న మేస్త్రీ ఎవరైనా ఉంటే చెప్పండి, వచ్చే ఆదివారం బండి తెస్తాను. ఈసారి రాళ్ళు ఎక్కడెక్కడ కొట్టాయో నేనే ముందు రాసి తెస్తాను.

ఇట్లు,
పాడేరు పక్క ఒక పాత కమాండర్ ఓనర్